చిన్నకోడలి గుమ్మం దాకా

"కూరలకు వెళ్లొస్తానమ్మాయ్!" అంటూ అత్తగారు సంచి అందుకోగానే పెద్దకోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. కూరలు ఒక వంక. మార్కెట్టు దారిలోనే చిన్నకోడలి ఇల్లు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆవిడ అక్కడ కూర్చుంటున్నారని పక్కింటామె మోసుకొచ్చి చెప్పింది.

వండిపెట్టేది తను. మందులు అందించేది తను. కబుర్లు మాత్రం అక్కడ!

ఉండబట్టలేక వెనకే వెళ్లింది. చిన్నకోడలి వాకిట్లో కుర్చీ, కుర్చీలో అత్తగారు. చిన్నకోడలు మంచినీళ్లిస్తూ ఏదో అంటే ఆవిడ నవ్వుతున్నారు.

"నవ్వులు ఇక్కడా, మూలుగులు నా దగ్గరా అత్తయ్యా? మకాం ఇక్కడికే మార్చేయండి. పెట్టె నేనే తెచ్చి దింపుతాను."

"అక్కా, అది కాదు..."

"నువ్వూరుకో. కుర్చీ వేసి మరీ బుట్టలో వేసుకున్నావు."

అత్తగారు విసురుగా లేచి నడిచారు. వీధి మలుపు చేరకుండానే గోడ పట్టుకుని నిలబడిపోయారు. "పిక్క పట్టేసిందే" అన్నారు పళ్లబిగువున.

"రోజూ ఇంతే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు" అంది చిన్నకోడలు, కళ్లనీళ్లతో.

ఆ పూటే ఇద్దరూ కలిసి ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ పాదం మీద వేళ్లు పెట్టి నాడి వెతికింది. దొరకలేదు. బీపీ పట్టీని ముందు చేతికీ, తర్వాత చీలమండకూ కట్టి చూసింది.

"చేతిలో ఉన్న ఒత్తిడిలో సగమే ఉందిక్కడ. కాలికి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతున్నట్టుంది. ఎక్కడ పూడిందో స్కాన్‌లో తెలుస్తుంది. ఎంత దూరం నడిస్తే నొప్పి వస్తుందమ్మా?"

"చిన్నదాని గుమ్మం దాకా. కాసేపు కూర్చుంటే పోతుంది."

పెద్దకోడలు ఆ పాదం పట్టుకుంది. చల్లగా తగిలింది. "నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెబితే గడప దాటనిస్తావా? దగ్గితేనే దుప్పటి కప్పేస్తావు. కూరలు తేవడానికి కూడా పనికిరాకపోతే, నీ ఇంట్లో నేనెందుకే?"



"నడక మానొద్దు" అంది డాక్టరమ్మ. "మందులు వేసుకుంటూ, నొప్పి రాగానే ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. పాదానికి పుండు పడినా, కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా వెంటనే రండి."

మర్నాడు సంచి పట్టుకుని పెద్దకోడలు కూడా బయల్దేరింది. చిన్నకోడలి వాకిట్లో ఆగి, "ఇంకో కుర్చీ వెయ్యవే" అంది.

"టీ పెట్టనా అక్కా?"

"మంచినీళ్లు చాలు. ఆవిడ టీ మా ఇంట్లోనే తాగుతారు."

అత్తగారు పిక్క పట్టుకునే ఫక్కున నవ్వారు. పెద్దకోడలు ఆవిడ చెయ్యి తప్పించి, ఆ కాలిని తన ఒళ్లోకి తీసుకుంది.