పలకరించకూడని వాసన

పూమలర్‌కి శుభ్రం పిచ్చి. బస్సు కడ్డీ పట్టుకున్న చేత్తో ముఖం తుడుచుకున్నా ఆ పూటకి అన్నం సయించదు. అలాంటి మనిషిని చెప్పులు విప్పి గబ్బిలాల గుహలోకి నడవమంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. కానీ మొక్కుకున్నది తనేనాయె. మూడేళ్ల కూతురు యాళినికి జ్వరం తగ్గితే, మలేసియాలోని ఈపో ఊరవతల కొండగుహలో ఉన్న మురుగన్‌కి పిల్లలిద్దరి తలనీలాలూ ఇప్పిస్తానంది. జ్వరం తగ్గింది. ఇంక తప్పుతుందా?

ఆదివారం పొద్దున్నే తాముండే క్లాంగ్ నుంచి కార్లో బయల్దేరారు. దారిలో ఆగి కొబ్బరిపాలతో వండిన నాసి లెమాక్ అన్నం పొట్లాలు తిన్నారు. గుహ కింద మంగలి పిల్లలకి గుండ్లు చేసి నున్నగా చందనం పూశాడు. ఐదేళ్ల కొడుకు కవిన్, తండ్రి భుజాలెక్కి కూర్చున్నాడు.

"ఫినాయిల్ తెచ్చావా? స్వామిని కూడా ఓసారి కడిగేద్దువుగాని," అన్నాడు ధనబాలన్ పెళ్లాంతో.

"నోర్మూసుకుని నడవండి."

గుహ ముఖద్వారం దగ్గర అత్తగారు పాక్కియం కోడలి మోచెయ్యి పట్టి ఆపింది. రబ్బరు తోటల్లో పుట్టి, అడవి పక్కనే ముసలైన మనిషి ఆవిడ. "అమ్మాయ్, లోపల ఏ వాసనొచ్చినా నోరెత్తకు. వాసనని పలకరించకూడదు. పలకరిస్తే, తనని పిలిచారనుకుని వస్తుంది."

"ఏది అత్తయ్యా?"

"ఆ మాటే అడగొద్దనేది."

పూమలర్ నవ్వేసి ఊరుకుంది. దర్శనం దాకా నోరు విప్పకుండానే నెట్టుకొచ్చింది కూడా. చచ్చే చావు వచ్చింది తిరిగొచ్చేటప్పుడే. జనం తోపులాటలో పక్కదారి పట్టాల్సొచ్చింది. అక్కడ నేల కనపడదు. ఏళ్ల తరబడి పేరుకున్న గబ్బిలాల పెంట, పైనుంచి కారే నీళ్లకి నాని, ముద్దముద్దగా ఉంది. అడుగేస్తే కాలివేళ్ల సందుల్లోంచి పైకి ఉబికొస్తోంది. అందులో బొద్దింకలు. ఒకటి మడమ కింద పడి చిట్లింది. ఎవరో అభిషేకానికి తెచ్చి ఒలకబోసిన పాలు విరిగి, పుల్లటి కంపు ఆ ఘాటులో కలిసింది. పూమలర్ పమిట ముక్కుకి అదుముకుంది.

అంతలో యాళిని జారి బోర్లా పడింది.

లేచేసరికి పిల్ల పిల్లలా లేదు. గుండు, మూతి, చేతులు అన్నీ ఆ జిగట నల్లదనమే. పెదవి మీద ఏదో పాకుతోంది. "అమ్మా, ఎత్తుకో," అని రెండు చేతులూ చాచింది. కన్నకూతురే. అయినా పూమలర్ ఒళ్లు జలదరించింది. ఎత్తుకోలేకపోయింది. ఆ చేతిని రెండు వేళ్లతో పట్టుకుని, "నడు, బయటికెళ్లాక కడుగుతా," అంది. మొగుడు కొడుకుని మోస్తూ అప్పటికే ముందుకెళ్లిపోయాడు. అత్తగారు వెనకెక్కడో ఉంది.

గుహలో కరెంటు దీపాలు ఆరిపోయాయి.

కటిక చీకటి... పైన వేల రెక్కల చప్పుడు. పూమలర్ వేళ్ల మధ్య ఆ చెయ్యి జారుతోంది. ఏదో పురుగు ఆ చేతి మీంచి తన మణికట్టు మీదికెక్కింది. ఇంక ఓర్చుకోలేక అనేసింది.

"ఛీ... ఎక్కణ్ణుంచి ఈ కంపు?"

రెక్కల చప్పుడు ఆగిపోయింది.

"నా దగ్గర్నుంచేనమ్మా," అంది చీకట్లో ఓ చిన్న గొంతు. ఏడుపు గొంతు.

పూమలర్ ఆ చేతిని విదిలించేసింది. అసహ్యంతోనే విదిలించింది, భయంతో కాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

దీపాలొచ్చాయి. రెండడుగుల అవతల యాళిని నిలబడి ఉంది. శుభ్రంగా. ముఖం మీద మరక లేదు, గౌను మీద చుక్క లేదు. అత్తయ్య కొంగుతో తుడిచినట్టుందనుకుంది పూమలర్. ప్రాణం లేచొచ్చింది. గబగబా ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. ఇందాక ఎత్తుకోనందుకు సిగ్గేసి, మెట్లన్నీ దిగాక కూడా దించలేదు.

కింద కార్ల దగ్గర కుళాయి ఉంది. అందరి కాళ్లూ మోకాళ్ల దాకా నల్లగా ఉన్నాయి. అత్తగారు గొణుక్కుంటూ కాళ్లు రుద్దుకుంటోంది.

"పిల్లని భలే తుడిచారు అత్తయ్యా," అంది పూమలర్.

"నేనెక్కడ తుడిచాను? ఇప్పుడేగా దాని ముఖం చూడటం."

పూమలర్ కూతురి పాదాల్ని కుళాయి కింద పెట్టబోయి ఆగింది. చెప్పుల్లేకుండా గుహంతా నడిచిన పిల్ల. అరికాళ్లు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. నేల మీద ఎప్పుడూ ఆననట్టు.

అత్తగారు కూడా చూసింది. కుళాయి వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

గుడి మైకు గరగరలాడింది. "చిన్నపాప దొరికింది... గుండుంది. ఒళ్లంతా పెంట... దగ్గరికెళ్లలేకపోతున్నాం. పేరు యాళిని అంటోంది. తల్లిదండ్రులు త్వరగా ఆఫీసు దగ్గరికి రావాలి..." వెనకాల పసిపిల్ల వెక్కిళ్లు వినిపించాయి. "అమ్మ నా చెయ్యి వదిలేసింది..."

"అదే పేరు," అని నవ్వబోయాడు ధనబాలన్. తన తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

పూమలర్‌కి అర్థమైంది. పరిగెత్తాలి. చంకలో పిల్లని దించాలని చూసింది. పిల్ల దిగలేదు. మెడ చుట్టూ చేతులు బిగించి, చెవిలో మెల్లగా అంది.

"అది కంపు కొడుతుందమ్మా. మనకొద్దని చెప్పు."

పూమలర్ ఆ గుండు మీద ముక్కు ఆనించింది. గట్టిగా ఊపిరి పీల్చింది.

ఏ వాసనా రాలేదు. చందనం వాసన కూడా.