పోలింగు ప్రశాంతముగా జరిగినది

మా నాయన దయానందానికి కంప్యూటర్ నేర్పింది నేనే. పక్కన కూర్చోబెట్టుకొని కాదు, దూరం నుంచి. ఆయనా అమ్మా జమ్మలమడుగులో ఉంటారు. నేను లింగాల మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. పులివెందులలో ఒక బస్సు, ముద్దనూరులో ఒక బస్సు మారితేగానీ ఇల్లు చేరను. అందుకే ఆయన ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ షేర్ చేసే యాప్ ఒకటి వేసిపెట్టాను. ఎక్కడన్నా ఇరుక్కుంటే నాకు ఫోన్ చేసి, యాప్‌లో కనిపించే తొమ్మిదంకెల నంబరు చదువుతాడు. అది ఇక్కడ కొడితే ఆయన స్క్రీన్ నా స్క్రీన్ మీదికి వస్తుంది. నేను మౌస్ ఆడిస్తే అక్కడ బాణం ఆడుతుంది.

"సంతోషా, బాణం దానంతటదే పోతాంది. నువ్వేనా?"

"నేనే నాయనా. నువ్వు చెయ్యి తియ్యి."

"ముప్పై రెండేండ్లు పిల్లోళ్ల చెవులు మెలేసినా మా. ఈ ఎలుకను మాత్రం పట్టలేకపోతాండా."

వెనకనుంచి అమ్మ నవ్వు. మా అమ్మ రత్నమ్మ రిటైరైన నర్సు. ఇప్పటికీ వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ఆమె సూదే.

ఆ రోజు పోలింగ్ అయి మూడో దినం. జమ్మలమడుగులో రెండు పార్టీలవాళ్లు రాళ్లు రువ్వుకున్నారని 144 సెక్షన్ పెట్టారు. బస్సులు లేవు. అంగళ్లు మూసేశారు. మా ఆయన పిల్లదాన్ని తీసుకొని చెన్నూరులో వాళ్లమ్మ దగ్గరికి పోయాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. సాయంత్రం ఆరున్నరకు నాయన ఫోన్ చేశాడు. పెన్షనర్ల సంఘం పుస్తకం వేస్తోంది, పొద్దునకల్లా ఆయన వ్యాసం ప్రొద్దుటూరు ప్రెస్సుకు పోవాలి. అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయట.

కనెక్ట్ చేశాను. వ్యాసం పేరు 'ఎన్నికల విధులలో నా అనుభవములు'. బడిలో రాయించినట్టే రాశాడు.

'సింహాద్రిపురం అవతల ఒక గ్రామమునందు నేను ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేసితిని. గ్రామస్థులు మాకు రాగిసంగటి, నంజుకొనుటకు చెనిక్కాయల ఊరిమిండి పెట్టి ఆదరించిరి. పోలింగు ప్రశాంతముగా జరిగినది.'

అక్షరాలు పెద్దవి చేశాను. పేజీ సరిచేస్తున్నాను. అంతలో చివరి వాక్యంలో ఏదో కదిలింది.

'ప్రశాంతముగా' అన్న మాట చివర దీర్ఘం పోయింది. తర్వాత గ. తర్వాత కొమ్ము... మ... త... నిదానంగా, ఒక్కొక్కటే. చివరికి 'పోలింగు జరిగినది' అని మాత్రం మిగిలింది.

"ఏం మా, చెరిపేస్తివి?" అన్నాడు నాయన.

"నేనెక్కడ చెరిపినా? నువ్వే ఏదో నొక్కింటావు."

మళ్లీ కొట్టాడు, రెండు వేళ్లతో, అక్షరం వెతుక్కుంటూ. ముగించి ఊపిరి పీల్చుకునేలోపల మళ్లీ మొదలైంది. దీర్ఘం. గ. కొమ్ము...

నేను మౌస్ వదిలేశాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను.

"నాయనా, చేతులు పైకెత్తు. అమ్మా, నాయన చేతులు చూడు."

"ఎత్తుకొనే ఉన్నాడు మే, దొంగ మాదిరి," అంది అమ్మ. ఫోన్ స్పీకర్లో ఆమె గొంతు నవ్వుతోంది. మరుక్షణం నవ్వు ఆగింది. "ఏందీ... అక్షరాలు పోతాండాయి?"

మూడోసారి కూడా ఆ ఒక్క మాటే పోయింది. పక్కనున్న ఏ మాటా పోలేదు.

వైరస్ అనుకున్నాను. ఆఫీసులో ఇట్లాంటివి చూస్తూనే ఉంటాం. ఎవడో దూరంనుంచి చొరబడి ఉంటాడు. "నాయనా, నేను కనెక్షన్ కట్ చేస్తాండా. నువ్వు ల్యాప్‌టాప్ ఆపేసి మూత మూసెయ్," అన్నాను.

కట్ చేశాను. అవతల మూత పడిన చప్పుడు ఫోన్లో వినిపించింది.

"మూసేసినా మా."

నా స్క్రీన్ మీద నాయన పేజీ అట్లాగే ఉంది.

యాప్ మూసేశాను. పేజీ పోలేదు. ఇంటర్నెట్ వైరు పీకాను. పోలేదు. ఎక్కడినుంచో కమురు వాసన. కాల్చిన టపాకాయల వాసన లాంటిది... దాని కింద ఇంకేదో, వెంట్రుకలు మాడినట్టు. వంటింట్లోకి పోయి చూశాను. స్టవ్ ఆరిపోయే ఉంది.

"రత్నా, ఏందీ వాసన?" ఫోన్లో నాయన గొంతు.

నేను ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను. అరవై కిలోమీటర్ల అవతల ఆయనకూ అదే వాసన...

తిరిగొచ్చి చూసేసరికి పేజీలో కొత్త అక్షరాలు పడుతున్నాయి. తప్పుల్లేకుండా, తడుముకోకుండా.

"నాయనా, నువ్వు ఏమన్నా..."

"మూత మీద చెయ్యి పెట్టుకొని కూసున్నా మా. ఏం కనపడతాంది నీకు?"

చదివాను.

"'సార్, మీరన్నా రాయండి.'"

అవతల ఏదో కింద పడింది. అమ్మ "ఏమైంది, ఏమైంది" అంటోంది. చివరికి నాయన గొంతు వచ్చింది. గుసగుసగా...

"పాలయ్య."

"ఎవురు నాయనా?"

"ఆ ఊరి బూతులో ఏజెంటు. ఇరవై రెండేండ్ల పిల్లోడు. ఎంత సన్నగా ఉండెనో!"

అప్పుడు చెప్పాడు. మధ్యాహ్నం పన్నెండుకు జీపులో ఆరుమంది వచ్చారు. బ్యాలెట్ పుస్తకాలు లాక్కొని ముద్రలు గుద్దుకోవడం మొదలుపెట్టారు. మిగతా ఏజెంట్లు తల దించుకున్నారు. పాలయ్య ఒక్కడే లేచి నిలబడ్డాడు. ఇద్దరు వాని రెండు రెక్కలూ పట్టి బయటికి ఈడ్చుకుపోయారు. బూతు పెట్టిన బడి వాకిట్లో వాడు వెనక్కి తిరిగి నాయనతో ఆ ఒక్క మాటే అన్నాడు. కాసేపటికి బడి వెనకాల పారే వంక వైపు బాంబు మోగింది.

"సాయంత్రం నేను రాయాల్సిన పోలింగు డైరీ ముందర పెట్టినారు. ఇంటికాడ భార్యా, చిన్న కూతురూ ఉన్నారంట గదా సార్ అన్నారు. ప్రశాంతముగా జరిగినదని రాసిచ్చినా. వాడు చుట్టుకుంటాండే నాటుబాంబు పేలి వాడే సచ్చినాడని కేసు కట్టినారు. బూతుకాడ ఏమీ జరగలేదని సాక్ష్యం ఏంది? నా డైరీనే మా."

అమ్మ మెల్లగా అంది. "ఆ ఎలక్షన్ నుంచి వచ్చి పది దినాలు జరమని పండుకుంటివి. నేనే సూదులేసినా. నాతో గూడా చెప్పలేదే నువ్వు."

నాయన మూత తెరిచిన చప్పుడైంది.

నేను వైరు పెట్టలేదు. నంబరు అడగలేదు. అయినా ఆయన కొట్టే ప్రతి అక్షరమూ నా ముందర పడుతూనే ఉంది. గ్రాంథికం వదిలేశాడు. 'ఆరుమంది వచ్చినారు. నేను కుర్చీలోనే కూర్చున్నాను' అని రాశాడు. ఒక్క అక్షరం చెరగలేదు. బాణం మాత్రం ప్రతి వరుస కిందా మెల్లగా పోతోంది, వేలు పెట్టి ఒక్కో మాటా సరిచూసుకుంటున్నట్టు. 'ఏజెంటు ఒకాయన' అన్నచోట ఆగింది. నాయన ఆ రెండు మాటలూ చెరిపి 'పాలయ్య' అని కొట్టాడు. బాణం కదిలింది.

ఎనిమిదిన్నర అయింది. అంతా రాశాడు. బాణం పైకి పోయి 'ఆరుమంది' దగ్గర నిలబడింది.

నిలబడే ఉంది.

"పేర్లు అడుగుతాండాడు," అన్నాడు నాయన.

"నీకు తెలుసా?"

"తెలియక ఏం? ఇద్దరు సచ్చిపోయినారు. ఒకాయన కొడుకు మొన్న ఓట్లకు మన వాకిట్లోకే వచ్చి దండం పెట్టిపాయె. బయట జీపులు ఇంకా తిరగతానే ఉండాయి మా. మీ అమ్మను ఈడ పెట్టుకొని..."

బాణం వణకడం మొదలుపెట్టింది. ఆరుమంది... ఆరుమంది... ఆ మాట చుట్టూ తిరుగుతోంది. వాసన ముక్కుకు గుచ్చుకుంటోంది.

"రాయి నాయనా," అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం.

"రాయలేను పాలయ్యా," అన్నాడు నాయన. నాతో కాదు. "ఇంతమటుకే నా చేత అయ్యేది."

మూత పడింది. ఈసారి నా స్క్రీన్ కూడా నల్లగా అయిపోయింది. ఫోన్ కట్ అయింది. మళ్లీ మళ్లీ చేశాను. ఎత్తలేదు. తెల్లవార్లూ మంచం మీద అటూ ఇటూ తిరిగాను, లేచి కిటికీ దగ్గరికి పోయాను, మళ్లీ వచ్చాను.

పొద్దున్నే ఆఫీసు జీపు ఒకటి ముద్దనూరు పోతుంటే ఎక్కాను. అక్కడినుంచి ఆటో. జమ్మలమడుగు పొలిమేరలో పోలీసులు కార్డు చూసి వదిలారు.

నాయన వరండాలో కూర్చొని ఉన్నాడు. తువ్వాలు కప్పుకొని ఉంటే చలిజ్వరమేమో అనుకున్నాను. నన్ను చూసి నవ్వబోయాడు.

"ప్రెస్సుకు పంపించినా మా. పేర్లు లేకుండానే. సంఘమోళ్లు అప్పుడే ఫోన్ చేసినారు. ఈ టైములో ఇట్లాంటిది వద్దు సార్ అన్నారు."

"పోనీలే నాయనా. ఏదీ, చెయ్యి చూపీ, జ్వరముందేమో."

ఇవ్వలేదు. అమ్మ వచ్చి తువ్వాలు లాగేసింది.

ఓటేసినోళ్లందరికీ ఎడమచేతి చూపుడువేలికి సిరా గుర్తు ఉంటుంది. నాకూ ఉంది, అమ్మకూ ఉంది. నాయనకు పది వేళ్లకూ ఉంది. ప్రతి గోరు మీదా, చర్మం మీదికి దిగి, ఒక్కటే కొలతలో గీసినట్టు...

"పొద్దున లేస్తూనే ఇట్లుండాది," అంది అమ్మ. "స్పిరిట్ పెట్టి రుద్దినా. నిమ్మకాయ పెట్టినా. పోవడంలా."

గోరు పెరిగేకొద్దీ గుర్తు ముందుకు జరిగి కత్తిరింపుల్లో పోతుందని ధైర్యం చెప్పాను. ఎవరికైనా అట్లాగే పోతుంది.

మూడు నెలలైంది. మా ఇద్దరి గుర్తులూ పోయాయి. నాయన వారానికోసారి గోర్లు తీసుకుంటాడు. కొత్త గోరు మొదట్లోనే నల్లగా వస్తోంది.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"కాళ్ల వేళ్లకు గూడా మొదలైంది మే. ఈపొద్దుకు ఆరు వేళ్లు."