పిలవని ఇద్దరు

2007 వేసవిలో ఒక సాయంత్రం. డోన్‌లో మా పక్కింటి కిరాణా కేశవయ్య మనవడికి బారసాల. ముత్తయిదువులం పదిమందిమి వెళ్లాం. ఇద్దరు బిడ్డను చూడడానికి, ఎనిమిదిమంది కేశవయ్య భార్య కన్యకమ్మ కొత్త గాజులు చూడడానికి.

కోడలు ఉదయశ్రీకి తొమ్మిదేళ్లు పిల్లల్లేక, కర్నూలులో టెస్ట్‌ట్యూబ్ వైద్యం చేయించారు. కడుపులో ముగ్గురు నిలిచారు. ముగ్గురినీ మోయడం కష్టం, కావాలంటే ఇద్దరిని తీసేస్తాం, ఆలోచించుకోండి అన్నదట డాక్టరమ్మ. ఉదయశ్రీని ఎవరూ అడగలేదు. ఆమె మొగుడు ప్రదీప్‌కుమార్ సంతకం పెట్టి, బయటికి పోయి ఉగ్గాని తిన్నాడు. రెండు ప్లేట్లని ఊరంతా చెప్పింది నేనే.

మా వైపు బిడ్డ కంటే ముందు మసాలా నూరే పొత్రాన్ని ఉయ్యాలలో వేస్తారు. బిడ్డ రాయిలా గట్టిగా బతకాలని. దానికి నూనె రాసి, కుళ్లాయి తొడిగి, ఉయ్యాల కింది నుంచి మూడుసార్లు చేతులు మారుస్తారు. అటు కన్యకమ్మ కూర్చుంది, ఇటు నేను.

మొదటిసారి రాయి చల్లగా ఉంది.

రెండోసారి వెచ్చగా ఉంది. కన్యకమ్మ చేతులకు చెమట పట్టిందేమో అనుకున్నా. పని అలవాటు లేని చేతులు కదా.

అంతలో కరెంటు పోయింది. ఆముదం వాసన... దాని వెనకే పచ్చి పాల వాసన...

మూడోసారి అందుకున్నా. నా వేలిని ఏదో పట్టుకుంది. చిన్నగా... గట్టిగా...

"వదలొద్దక్కా," ఉదయశ్రీ నా చెవిలో గొణిగింది. "వాళ్లే."

"ఎవరే?"

"ఆ ఇద్దరు. రోజూ వస్తాండారు. మమ్మల్ని పిలవలేదని ఏడుస్తాండారు. వాళ్లకూ పేర్లు పెడితే వీడిని నాకు వదిలేస్తారు."

కన్యకమ్మ విననే విన్నది. "పుట్టనోళ్లకు పేర్లేందే? నోరు మూసుకో! రాయి ఇట్లియ్యి, వెంకటేశ్వరమ్మా."

"సంతకం మీ కొడుకు పెట్టినాడు. అమ్మను నేను కదత్తా..."

ఏ మాటా కడుపులో దాచుకోని దాన్ని, నేనైనా ఆ పిల్ల వైపు ఒక్క ముక్క అనాల్సింది. కానీ ఇంకా విస్తర్లు వేయలేదు. రాయి ఇచ్చేశా.

పొత్రాన్ని వంటింట్లో పెట్టి వచ్చి, బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టారు. రాఘవేంద్రప్రసాద్ అని కన్యకమ్మ వాడి చెవిలో మూడుసార్లు పిలిచింది. ఆ ఒక్క పేరే.

కరెంటు వచ్చింది. నేను ఉయ్యాలలోకి వంగి చూశా. బిడ్డ నిద్రపోతున్నాడు. వాడికి అటు ఒకటి, ఇటు ఒకటి, పక్కబట్టలో రెండు చిన్న గుంటలు.

అరచేత్తో సాపు చేశా. వెచ్చగా ఉన్నాయి.

చెయ్యి తీశా. గుంటలు మళ్లీ పడ్డాయి.

ఈసారి బిడ్డకు ఇంకాస్త దగ్గరగా...