సున్నాగా మారిన ముప్పై ఏడు

"నా భార్యని నేనే చంపానంటున్నారండి," అన్నాడు విజయ్ పాల్, కుర్చీ అంచున కూర్చుని.

రాజమండ్రిలో ప్రైవేటు డిటెక్టివ్ మీనాకుమారి అతని మాటలు శ్రద్ధగా వింది. సామర్లకోట దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో అతను ఆపరేటరు. భార్య హెలెన్ అక్కడే కోల్డ్ రూములో ప్యాకింగ్ చేసేది. వారం క్రితం, పట్టపగలు, గదిని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు లీకై చనిపోయింది. కంప్యూటర్ రికార్డులో ఏ లోపమూ లేదు కాబట్టి విజయ్ పాలే వాల్వు తప్పుగా తిప్పాడని మేనేజరు పల్లంరాజు పోలీసులకు రాసిచ్చాడు.

"తిప్పారా?"

"లేదండి. కానీ అందరూ అంటుంటే నాకే అనుమానమొస్తోందండి."

నోట్సు రాస్తున్న అసిస్టెంటు హారతి చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీలో పల్లంరాజు ఆ రోజు రికార్డు ముందు పెట్టాడు. సగం పేజీ. "మెషీన్ అబద్ధం చెప్పదు కదండీ."

పక్కనే సాఫ్ట్‌వేరు చూసే ఉదయభాస్కర్ నిలబడ్డాడు. విజయ్ పాల్‌తో కలిసి చదువుకున్నవాడు.

"ఆ రోజు కరెంటు పోయిందా?" అడిగింది మీనాకుమారి.

"పన్నెండింటికి పోయిందండి. జనరేటర్ వేశాం," అన్నాడు పల్లంరాజు.

ఆమె అంతకుముందు నెల రికార్డులు కూడా తెప్పించుకుంది. అప్పట్లో రోజుకి నలభై పేజీలు. తలుపు తీసినా కంప్యూటరు రాసేది. ఆ నెల పన్నెండో తేదీ నుంచే సగం పేజీ. తర్వాత కోల్డ్ రూములోకి వెళ్ళి, గోడ మీది సెన్సరు బటన్ నొక్కింది. చిన్న తెర మీద కనిపించిన అంకెలు హారతి రాసుకుంది.

సాయంత్రం పల్లంరాజుని, ఉదయభాస్కర్‌ని, విజయ్ పాల్‌ని మేనేజరు గదిలో కూర్చోబెట్టింది.

"ఈ రికార్డులో కరెంటు పోయిన సంగతే లేదు. అంటే ఏమీ జరగలేదని కాదు, జరిగింది రాయొద్దన్నారని. పన్నెండో తేదీన మేనేజరు గారి పాస్‌వర్డ్‌తో, పెద్ద ప్రమాదాలు తప్ప ఏదీ రాయకుండా సెట్టింగు మార్చారు. ఆ మార్పు ఆ రోజు పేజీలోనే ఉంది."

"మరి లీకు పెద్ద ప్రమాదమే కదండీ?" అంది హారతి.

"లీకైతే సెన్సరు ముప్పై ఏడు అనే కోడు పంపుతుంది. ఆ రోజు తొమ్మిది సార్లు పంపింది, దాని మెమరీలో ఉంది. అయినా రికార్డులోకి ఎక్కలేదంటే కంప్యూటరు దాన్ని సున్నాగా తీసుకుంది. సున్నా అంటే అంతా బాగున్నట్టు. అందుకే సైరన్ మోగలేదు. ప్రోగ్రాములో ఆ మార్పు చేయగలిగింది ఇక్కడ ఒక్కరే."

ఉదయభాస్కర్ పల్లంరాజు వైపు చూశాడు. "రెండు రోజులకే అన్నారండి సారు. ఊరికే సైరన్ మోగి లైను ఆగిపోతోందని. మళ్ళీ మార్చడం మర్చిపోయానండి."

"ఎగుమతి లోడు ఆగితే కంపెనీలో పైవాళ్ళకి చెప్పుకోవాల్సింది నేను," అన్నాడు పల్లంరాజు.

"మరి రికార్డు తగ్గించింది తనిఖీవాళ్ళ కోసమేనా?"

అతను రికార్డు కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. వాళ్ళు రికార్డులో పదే పదే ముప్పై ఏడు చూస్తారన్న భయం అతని మొహంలోనే ఉంది. హారతి పోలీసులకు ఫోన్ చేసింది.

విజయ్ పాల్ ఉదయభాస్కర్ వైపే చూస్తున్నాడు.

"నాలుగు రోజులు మా ఇంటికి క్యారేజీ తెచ్చావు కదరా భాస్కరా. పక్కన కూర్చుని తినిపించావు. తినిపిస్తూ, 'ఆ వాల్వు ఎందుకు తిప్పావురా' అని నన్నే అడిగావు."