చదివినవారు: ఒక్కరు

రెంటచింతల రోడ్డు మీద పట్టపగలు పదకొండింటికి, విత్తనాల కంపెనీ పొలం చూసుకునే ముసలి వెంకట్రామయ్య మోపెడ్‌ను లారీ గుద్దేసింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. లారీ ఆగలేదు. దానికి నంబర్ ప్లేటూ లేదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి, నరసరావుపేట విత్తనాల కంపెనీలో ఎం.డి. ప్రవీణ్ గది తలుపు గడియ పెట్టాడు.

“అది మర్డర్, ఐజాజ్. మన కొత్త మిరప హైబ్రిడ్‌కి మగ మొక్కలు ఏ వరసలో ఉన్నాయో ఆయనకీ, పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసే ఆడవాళ్లకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ వరసలో ఒక్క పండుకాయ దేశం దాటినా మన పదేళ్ల కష్టం పరాయిపాలే. క్రాసింగ్ అయిపోయింది, ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఆ మొక్కలు పీకి తగలబెడతాం. అప్పటిదాకా కాపాడండి.”

“పొలంలో ఆడవాళ్లు నన్ను నమ్మడానికి కోడ్?”

“ఎర్ర దారం.”

పోటీ కంపెనీలు ఏం చేస్తున్నాయో కూపీ లాగడం ఐజాజ్ పని. ఆఫీసు భాషలో కాంపిటిటివ్ ఇంటెలిజెన్స్. మనవాళ్ల బుర్రల్లో ఉన్నదాన్ని పోర్టల్లోకి ఎక్కించడం దేవిక పని. దాని పేరు నాలెడ్జ్ మేనేజ్‌మెంట్. ఆమె కారిడార్లో నడిచొస్తే అకౌంట్స్ వాళ్లు కూడా తలెత్తేవాళ్లు. రెండు డిపార్ట్‌మెంట్ల మధ్యా ఒక గోడే అడ్డం. మాటల్లేవు.

ఐజాజ్ మొదటిసారి పోర్టల్ తెరిచాడు. తను మెయిల్లో పంపితే దేవిక ఎక్కించిన రెండు నెలల కిందటి రిపోర్టే కనిపించింది. ‘మాచర్ల లాడ్జిలో ఆర్కిడ్ అనే విదేశీ విత్తన దొంగల ముఠా దిగింది. మిరప మగ విత్తనం కోసం.’ చదివినవారు: ఒక్కరు. దేవిక.

పక్క ఫోల్డర్లో వెంకట్రామయ్య నెల కిందట రాసిన నోట్. ‘గురజాల పొలానికి తెల్లకారులో ఒకడొచ్చి మగ మొక్కలేవని అడిగాడు. ఏడో వరస అని నేను చెప్పలేదు. వాణ్ని మళ్లీ చూస్తే గుర్తుపడతాను.’ చదివినవారు: ఒక్కరు. దేవిక.

రెండు కాగితాలూ కలిపి చదివిన మనిషి కంపెనీ మొత్తంలో ఆమె ఒక్కతే. చదివి అమ్ముకుంది, గుర్తుపడతాడని ఆయన్ని చంపించింది. ఆ నోట్ తను నెల కిందటే తెరిచి ఉంటే ముసలాయన ఈపాటికి పొలంలో ఉండేవాడు. ఐజాజ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

పదకొండింటికల్లా స్ప్రేయర్ మెకానిక్ వేషంలో గురజాల పొలంలో దిగాడు. క్రాసింగ్ మేస్త్రి తిరుపతమ్మ కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

“ఎర్ర దారం. ఏడో వరస ఏది పిన్నీ?”

“కాలవ కాడ్నించి ఏడోది. నీళ్లొచ్చే వైపు నించే గదయ్యా లెక్కెట్టేది. ఎంకట్రామయ్య బాబాయి మాకట్టనే నేర్పాడు.”

“ఆఫీసువాళ్లకి తెలుసా?”

“ఆళ్లెప్పుడన్నా అడిగితేగా!”

“అయితే ఇప్పుడే పీకించు. పెట్రోలు దగ్గర పెట్టుకో.”

పదకొండూ యాభైకి గేటు దగ్గర తెల్లకారు ఆగింది. నల్లకళ్లద్దాలతో దేవిక దిగి, గేటు నుంచి ఏడు వరసలు లెక్కపెట్టి, గుప్పెడు పండుకాయలు కోసుకుంది. కారులోని మనిషి ఒక కాయను అరచేతిలో ఇమిడే జీన్ టెస్టర్లో పెట్టాడు. ఎర్రలైటు వెలిగింది.

“రాంగ్ ప్లాంట్!”

దేవిక తలెత్తింది. అవతల కాలువ గట్టున ఆడవాళ్లు పీకిన మొక్కలు గుంటలో పడేస్తున్నారు. ఆమెకి అర్థమైపోయింది. పిస్టల్ తీసి పరుగెత్తింది. ఐజాజ్ అడ్డం పడ్డాడు. గుండు అతని భుజాన్ని చీరుకుంటూ పోయింది. ఆమె గుంట అంచుకి చేరి ఒక కొమ్మ మీద చెయ్యి వేసింది.

“ఏమే, మా బాబాయిని తినింది నువ్వా?” అంటూ తిరుపతమ్మ పెట్రోలు పోసిన గుంటలోకి అగ్గిపుల్ల విసిరింది.

భగ్గుమంది. దేవిక కాలిన చేత్తో వెనక్కి పడింది. చుట్టూ ఇరవై కొడవళ్లు నిలబడ్డాయి. తెల్లకారు ఊరి పొలిమేర దగ్గరే, ఐజాజ్ ముందే పిలిచి ఉంచిన పోలీసులకి దొరికింది.

ఆ సాయంత్రం ప్రవీణ్ రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య గోడ కొట్టించమన్నాడు. ఐజాజ్ కట్టుకట్టిన భుజంతోనే జరిగిందంతా పోర్టల్లో ఎక్కించాడు. పైన వెంకట్రామయ్య పేరు పెట్టి, అందరూ తప్పక చదవాలని రాశాడు.

వారం తర్వాత తెరిచి చూశాడు. చదివినవారు: ఒక్కరు. ఐజాజ్.