మిగిలిన ఇరవై సెకన్లు

తెల్లవారి ఆరున్నరకే అల్బీనా క్రెనెక్ వంటింట్లో కొలాచీలనే తీపి రొట్టెల పిండి పొంగి గిన్నె అంచు దాటింది. ఎనభై రెండేళ్ళ ఆ ముసలావిడ దాన్ని ఒక్క గుద్దు గుద్ది కిందికి అణిచింది. బల్లకి అవతల మనవరాలు ట్రెస్సా ఇస్త్రీ చొక్కా, మంచి బూట్లు వేసుకుని చేతిలో కాగితంతో నిలబడి ఉంది. ఇద్దరి మధ్యా గుడ్లు ఉడికించేటప్పుడు పెట్టుకునే చిన్న అంకెల గడియారం ఉంది.

"మొదలెట్టు. మూడు నిమిషాలు. అది కూస్తే నోరు ముయ్యాలి. అక్కడా అంతేగా?" అంది అల్బీనా.

"అంతే నానమ్మా. ఆ పైన మైకు కట్టేస్తారు."

"మూడు నిమిషాలకి గుడ్డే సరిగ్గా ఉడకదు. సరే, కానీ."

ఆ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆస్టిన్‌లో రాష్ట్ర కరెంటు కమిషన్ ముందు జనం తమ మాట చెప్పుకోవచ్చు. ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ సగం చీకట్లో వణికిపోయి తొమ్మిది నెలలైంది. ఇప్పుడు రూల్సు మారుస్తారట. రొట్టెల దుకాణంలో పనిచేసే ట్రెస్సాకి ఈ సంగతులు ఎవరూ నేర్పలేదు. పని దిగాక కూర్చుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని మూడు వందల పేజీల రూల్సు చదివింది. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. ఎందుకు మండదు? కరెంటు తయారుచేసేవాడికి అమ్మినదానికే డబ్బు. చలికాలానికి సిద్ధంగా ఉన్నందుకు పైసా లేదు. తీరా చలి వచ్చాక చేతులెత్తేస్తే శిక్షా లేదు. జనం కరెంటు లేక అల్లాడిన రోజునే దాని రేటు ఆకాశానికి అంటింది. దీనికి మార్కెట్టని పేరు పెట్టుకున్నారు పెద్దమనుషులు.

అల్బీనా ఇంట్లో నాలుగు రోజులు కరెంటు లేదు. రెండో రోజు కోళ్ళ గూటి దాకా వెళ్ళి బూట్లు తడుపుకుని వచ్చింది. ఆ కాళ్ళు వెచ్చబెట్టుకోవడానికి ఇంట్లో నిప్పు లేదు. ఎడమ కాలికి రెండు వేళ్ళు గడ్డకట్టి పోయాయి. ఆవిడ మాత్రం ఆసుపత్రి నుంచి వస్తూనే, "మిగతా ఎనిమిదీ ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తాయిలే," అని నవ్వేసింది. ట్రెస్సా ఆ రోజే పెట్టెతో సహా నానమ్మ ఇంటికి మకాం మార్చింది.

ట్రెస్సా చదివింది. బాగా చదివింది. చివర్లో ఠక్కున ఆగిపోయి "అంతే" అంది. గడియారంలో ఇంకా ఇరవై సెకన్లు ఉన్నాయి.

"ఇది నాలుగోసారి," అంది అల్బీనా, చేతుల పిండి దులుపుకుంటూ. "ప్రతిసారీ ఇరవై సెకన్లు మిగులుస్తున్నావు. అక్కడేదో ఉంది. మింగేస్తున్నావు."

"ఏం లేదు నానమ్మా. అయిపోయింది."

"నువ్వు నీ ఆరో ఏట నా పీచ్ పండ్ల జామ్ సీసా పగలగొట్టినప్పుడూ ఇదే మొహం పెట్టావే."

ఇంతలో ముంగిట్లో పికప్ ఆగిన చప్పుడైంది. ట్రెస్సా తండ్రి డెల్బర్ట్ లోపలికి వచ్చాడు. రోడ్డుకి అవతలి ఇంట్లోనే ఆయనా ట్రెస్సా తల్లీ ఉంటారు. గ్యాసును పెద్ద గొట్టాల్లోకి నెట్టే కంప్రెసర్ల స్టేషనుకి పద్దెనిమిదేళ్ళుగా ఆయనే పెద్ద. ఆ గ్యాసు పోయి పక్క కౌంటీ కరెంటు ప్లాంటులో మండుతుంది. టోపీ తీసి చంకలో ఉన్న పొట్లం తల్లి ముందు పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"మేజోళ్ళమ్మా. ఉన్నివి. చలి మొదలైందిగా."

"మళ్ళీనా! సొరుగు మూత పడటం లేదురా!" అంటూనే పొట్లం తీసి పక్కన పెట్టింది.

డెల్బర్ట్ తల్లి మొహం చూశాడు, బల్ల చూశాడు, పిండి గిన్నె చూశాడు. కిందికి మాత్రం చూడలేదు. ఫిబ్రవరి తర్వాత ఆ పాదాల వైపు ఆయన చూపు పోగా ఎవరూ చూడలేదు.

"ట్రెస్సా, నువ్వు ఆస్టిన్ వెళ్ళొద్దు," అన్నాడు.

"వెళ్తున్నాను నాన్నా."

"ఊళ్ళో అందరికీ తెలుసు నువ్వు నా కూతురివని. మా కంపెనీ వాళ్ళు ఈ రూల్సు వద్దని లాయర్లని పెట్టుకున్నారు. వాళ్ళ ఎదురుగా నువ్వు నిలబడి అరిస్తే నా సంగతేంటి? ఇంకా రెండేళ్ళు. రెండంటే రెండేళ్ళు ఆగితే పెన్షన్ చేతికొస్తుంది."

"ఈ రెండేళ్ళలో ఇంకో తుఫాను వస్తే? నానమ్మకి ఇంకో రెండు వేళ్ళు పోతే?"

"అలా లెక్కేస్తే ఎనిమిది వేళ్ళకి ఎనిమిదేళ్ళు గ్యారంటీగా బతకొచ్చు నేను," అంది అల్బీనా, పిండి ఉండలు చేస్తూ.

"అమ్మా, నువ్వుండు. అది రొట్టెలు కాల్చే పిల్ల. గ్యాసంటే ఏంటో, గ్రిడ్డంటే ఏంటో దానికేం తెలుసు? ఎవడో చెప్పిన నాలుగు ముక్కలు పట్టుకుని..."

ట్రెస్సా కాగితం బల్ల మీద కొట్టింది. "ఎవడూ చెప్పలేదు. నేను చదివాను. చలి పెరిగింది. కరెంటు చాల్లేదు. చాలనప్పుడు మా మిషన్లు ఆపేసుకోండి, అందుకు మాకు డబ్బివ్వండి అని ముందే రాసిచ్చినవాళ్ళ జాబితా ఒకటుంది. పైవాళ్ళు మీట నొక్కారు. ఆ జాబితాలో గ్యాసు కంప్రెసర్లున్నాయి! గ్యాసు ఆగింది. గ్యాసు లేక ప్లాంటు ఆగింది. ప్లాంటు ఆగి ఇంకా కరెంటు పోయింది. నీటి మోటారుకి కరెంటు పీకేసి కుళాయిలో నీళ్ళు రావడం లేదని ఏడ్చినట్టు! ఇది తెలుసుకోడానికి ఇంజనీరే కానక్కర్లేదు నాన్నా. రొట్టెలు కాల్చే పిల్ల చాలు."

డెల్బర్ట్ మొహంలో రంగు పోయింది. "ఆ జాబితా... అది బయటపెట్టరే."

"అర్జీ పెట్టుకుంటే ఇస్తారు. సంతకాల కాగితంతో సహా మొన్న పోస్టులో వచ్చింది."

అల్బీనా చేతులు తుడుచుకుని, కుంటుతూ అలమర దగ్గరికి వెళ్ళింది. గసగసాల డబ్బా తీసి, మూత తెరిచి, నాలుగు మడతల కాగితం బయటికి లాగింది.

"ఇదేనా?" అంది.

"నానమ్మా! అది నీకెక్కడ..."

"నా గసగసాల్లో దాస్తే నాకు కాక ఎవరికి దొరుకుతుందే? నిన్న కొలాచీల్లోకి డబ్బా తీస్తే ఇది వచ్చింది." మడతలు విప్పి కొడుకు ముందు పరిచింది. అడుగున సంతకం ఉంది. "ఈ 'డి' అక్షరం చూడు. గుడ్డు పెట్టబోయే కోడిలా ఉంటుంది. నీ రెండో క్లాసు నుంచీ నేను మొత్తుకుంటూనే ఉన్నాను, సరిగ్గా రాయరా అని."

డెల్బర్ట్ కుర్చీలో కూలబడ్డాడు.

"మేనేజరు తెచ్చిచ్చాడు. ఎప్పుడో ఎండాకాలం ఒక గంటో అరగంటో ఆపుతారు, ఊరికే వచ్చే సొమ్ము, సంతకం పెట్టు అన్నాడు. చలికాలం సంగతి నాకు తట్టనే లేదు. ఆ క్రిస్మస్‌కి బోనస్ ఇచ్చారు." టోపీని నలిపేస్తున్నాడు. "ఆ బోనస్‌తోనేనమ్మా నీకు గోడ హీటర్లు పెట్టించాను. కట్టెలు మోయలేకపోతున్నావని నీ ఇనప పొయ్యి నా చేతుల్తో పీకి కొట్టంలో పడేశాను. నీ నిప్పు తీసేసిందీ నేనే. నీ కరెంటు తీసేసిందీ నేనే."

అల్బీనా పొట్లంలోంచి మేజోళ్ళ జత తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇరవై మూడు జతలు. ఎనిమిది వేళ్ళకి ఇరవై మూడు జతలు ఎందుకు కొంటున్నాడా వీడు అనుకున్నాను. ఇదా సంగతి?"

ఆ పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా మొహం దాచుకున్నాడు. ట్రెస్సాకి కోపం ఎటు పోయిందో తెలియలేదు. "నీ పేరు నేను చదవను నాన్నా. ఆ ఇరవై సెకన్లు అదే. నాలుగుసార్లు ప్రయత్నించాను. నోరు రాలేదు. చదవకుండానే వస్తాను," అంది.

డెల్బర్ట్ లేచాడు. టోపీ పెట్టుకుని బయటికి పోయాడు. తలుపు దబ్బున మూసుకుంది. పికప్ స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"పోయాడు," అంది ట్రెస్సా.

"పోనీ. కొలాచీలు ఓవెన్‌లో పెట్టు," అంది అల్బీనా.

ట్రేలు దింపి, అట్టపెట్టెల్లో సర్ది, ఇద్దరూ బయటికి వచ్చేసరికి పికప్ తిరిగొచ్చి ముంగిట్లో ఉంది. ఇంజను తిరుగుతూ ఉంది. డెల్బర్ట్ డ్రైవరు సీట్లో ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు.

"మీరు రెండు గంటలు కాల్చారు ఆ రొట్టెల్ని. ఎక్కండి. దాని డొక్కు కారు పక్క ఊరు కూడా దాటదు, ఆస్టిన్ దాకానా!"

దారి పొడుగునా అల్బీనా రేడియోలో పోల్కా పాటలు పెట్టుకుని ఆరోగ్యంగా ఉన్న పాదంతో తాళం వేసింది.

కమిషన్ హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసల్లో లాయర్లు, వెనకాల జనం. ఎత్తు బల్ల మీద నెరిసిన జుట్టు అధ్యక్షురాలు. ట్రెస్సా పేరు పిలిచారు. మైకు దగ్గరికి వెళ్ళి కాగితం విప్పింది.

"మా ఇంట్లో ఆదివారాలు డామినోలు ఆడతాం. నానమ్మా అమ్మా ఒక జట్టు, నేనూ నాన్నా ఒక జట్టు. ఇన్ని పాయింట్లు చేస్తానని పాట పాడినవాడు చెయ్యలేకపోతే ఆ ఆట ఎదుటివాళ్ళది. నాకు మంచి బిళ్ళలు రాలేదు, చలేసింది అంటే మా నానమ్మ ఆ డామినో బిళ్ళ పెట్టే కొడుతుంది. చలికాలంలో కరెంటిస్తానని పాడినవాడికి మీ దగ్గర ఆపాటి రూలు లేదు. పెట్టండి. సిద్ధంగా ఉన్నవాడికి సిద్ధంగా ఉన్నందుకు ఇవ్వండి. మాట తప్పినవాడి దగ్గర వసూలు చెయ్యండి. గ్యాసు మిషన్ల కరెంటు ముట్టుకోవద్దని రాయండి. డబ్బు తీసుకుని వాటిని ఆపుకునే కాగితం చట్టంలో చెల్లదని రాయండి."

హాల్లో చప్పట్లు. ట్రెస్సా ఆగింది. గోడ మీది ఎర్ర అంకెలు ఇరవై దగ్గర ఉన్నాయి.

"అంతేనండీ," అంది.

"అంతే కాదు," అంది ఒక గొంతు. డెల్బర్ట్ నడవలోకి వచ్చి నిలబడ్డాడు. "ఆ మిగిలిన ఇరవై సెకన్లు నావి."

అధ్యక్షురాలు కళ్ళద్దాలు సవరించుకుంది. "క్షమించాలి. ఒకరి సమయం ఇంకొకరు వాడుకోకూడదు. అది ఇక్కడి రూలు."

"రూల్సు మార్చడానికేగా తల్లీ అక్కడ కూర్చున్నావు?" వెనక నుంచి అల్బీనా అరిచింది. "దీంతో మొదలెట్టు!"

హాలంతా నవ్వింది. అధ్యక్షురాలూ నవ్వు ఆపుకోలేక చేయి ఊపింది. డెల్బర్ట్ మైకు దగ్గరికి వచ్చాడు. కూతురు పక్కకి జరగలేదు, భుజానికి భుజం ఆనించి నిలబడింది.

"నా పేరు డెల్బర్ట్ క్రెనెక్. లవాకా కౌంటీలో కంప్రెసర్లు నడుపుతాను. వాటిని ఆపుకోవచ్చని సంతకం పెట్టింది నేనే. ఏ చట్టమూ నన్ను వద్దనలేదు. పైగా బోనస్ వచ్చింది. ఆ అరిచినావిడ మా అమ్మ. ఆమెకి రెండు వేళ్ళు లేవు."

ఎర్ర అంకెలు సున్నాకి వచ్చాయి. మైకు కట్టేయలేదు ఎవరూ.

"మిస్టర్ క్రెనెక్," అంది అధ్యక్షురాలు మెల్లగా, "ఇంత జరిగాక ఎవరు పెడతారండీ అలాంటి సంతకం? దీనికి మళ్ళీ రూలు అవసరమా?"

"అవసరమేనమ్మా. నేను పెట్టను. రెండేళ్ళలో నేను దిగిపోతాను. నా కుర్చీలోకి వచ్చేవాడికి కాగితం ఇస్తే వాడు పెడతాడు. వాడు చెడ్డవాడై కాదు. వాళ్ళమ్మకీ హీటర్లు కావాలి. మా మంచితనానికి వదిలెయ్యకండి. రాసిపెట్టండి."

ఆవిడ పెన్ను తీసుకుని ఏదో రాసుకుంది. ముందు వరసలో ఒక లాయరు ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తాడు.

తిరుగు దారిలో డెల్బర్ట్ ఫోను మోగింది. మేనేజరు. ఆయన దాన్ని ఖాళీ కొలాచీల పెట్టెలో పెట్టి మూత వేశాడు. మోగుతూనే ఉంది, కాస్త మెత్తగా.

"ఉద్యోగం పోతే?" అంది ట్రెస్సా.

"రొట్టెల దుకాణంలో మనిషి కావాలా?"

"కావాలి గానీ, నీకు ముందు అక్షరాలు రావాలి నాన్నా. బోర్డు మీద రాయాలి."

అల్బీనా నవ్వి నవ్వి దగ్గింది. తర్వాత కొడుకు భుజం మీద తట్టింది. "ఒరేయ్, ఇంక మేజోళ్ళు తేవొద్దు. నా పొయ్యి నాకు తెచ్చిపెట్టు. హీటర్లు కూడా ఉంచు. నాకు రెండూ కావాలి. ఒకణ్ణి నమ్ముకుని కూర్చునే రోజులు అయిపోయాయి."

పొద్దు వాలకముందే తండ్రీ కూతురూ కొట్టంలోంచి ఇనప పొయ్యిని తిట్టుకుంటూ, నవ్వుకుంటూ మోసుకొచ్చారు. పొగగొట్టం బిగించారు. కట్టెలు అంటుకున్నాయి. అల్బీనా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. కొడుకు ఎదుటనే, తొమ్మిది నెలల్లో మొదటిసారి, మేజోళ్ళు విప్పి పాదాలు నిప్పుకి చాపింది.

డెల్బర్ట్ ఈసారి చూపు తిప్పుకోలేదు. చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ పాదం తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కన్నీళ్ళు గడ్డం మీదికి జారాయి.

"చల్లగా ఉన్నాయమ్మా," అన్నాడు.

"అయితే వెచ్చబెట్టు," అంది అల్బీనా, ఆయన తల నిమురుతూ. "ఎనిమిదేగా, ఎంతసేపు పడుతుంది!"