తడిమట్టిలో రెండు గుంటలు

బడి వదిలేసరికి వాన వెలిసింది. ఎదిరిన్ పరుగున ఇంటికి వచ్చింది. చూరు కింద పీట మీద కూర్చుని నానమ్మ పుచ్చగింజలు ఒలుస్తోంది. మూడేళ్లుగా ఆమెకు చూపు లేదు. వేళ్లతోనే అన్నీ చూస్తుంది.

రోజూ అయితే ఎదిరిన్ ఆమె ముందు మోకాళ్లూని "మిగ్వో" అనేది. వాళ్ల భాషలో పెద్దలకు పెట్టే దణ్ణం అది; 'మోకరిల్లాను' అని దానర్థం. నానమ్మ తల నిమిరి, బదులుగా "వ్రెండో! ఇక లేమ్మా" అనేది.

ఈరోజు నేలంతా బురద. కాళ్లకేమో మోకాళ్ల దాకా తెల్లటి సాక్సు. నానమ్మకు కనబడదుగా!

"మిగ్వో, నానమ్మా!" నిలబడే అంది ఎదిరిన్.

నానమ్మ చెయ్యి ఎప్పటిలాగే ముందుకు సాగింది. గాలిలో అటూ ఇటూ వెతికింది. మెల్లగా గింజల గిన్నెలోకి వెళ్లిపోయింది. ఆమె 'వ్రెండో' అనలేదు.

గుమ్మంలో తమ్ముడు ముదియాగ పకపకా నవ్వాడు. "అక్క నిలబడి మోకరిల్లిందోయ్! మహారాణి!"

"నోర్ముయ్ రా!"

అమ్మ వండిన పామ్ పండ్ల పులుసంటే ఎదిరిన్‌కు ప్రాణం. అయినా ముద్ద దిగలేదు. లేచి వెళ్లి నానమ్మ పక్కన కూర్చుంది.

"కోపమొచ్చిందా నానమ్మా?"

"కోపమెందుకే?"

"దేవుడు మనసే చూస్తాడంటావుగా. మరి నిలబడి చెబితే చాలదా?"

నానమ్మ గింజలు ఒలుస్తూనే అంది, "ఏమోనే, నాకంత చదువు లేదు. చిన్నప్పుడు మేం ఏటి ఒడ్డున తడి ఇసుకలో వరసగా మోకాళ్లూని మా నానమ్మ కోసం కాచుకునేవాళ్లం. పడవ దిగి ఒక్కొక్క తలా నిమిరేది. మేం లేచాక ఇసుకలో గుంటలు మిగిలేవి. 'ఈ గుంటలు ఎవరివే? నిరుటికన్నా పెద్దవయ్యాయే!' అని మురిసిపోయేది. ఆ చెయ్యి ఇంకా నా తల మీదే ఉన్నట్టుంటుంది."

ఆమె గిన్నె పక్కన పెట్టింది.

"అమ్మ నీకు తలనిండా కొత్త జడలు అల్లిందటగా? తడిమి చూద్దామనుకున్నా. తల దొరకలేదు. అంతే."



తెల్లవారి మళ్లీ జల్లు పడింది. బడికి బయలుదేరిన ఎదిరిన్ చూరు కింద ఆగింది. బురదలో మోకాళ్లూని తల వంచింది.

"మిగ్వో, నానమ్మా."

ఈసారి చెయ్యి వెతుక్కోలేదు. నుదుటి నుంచి మెడ దాకా ఒక్కో జడనూ తాపీగా తడిమింది.

"తొమ్మిది! ఎంత బాగా అల్లిందే మీ అమ్మ! వ్రెండో తల్లీ, లే. సాక్సు పాడవుతాయి."

"పాడవనీ నానమ్మా," అంది ఎదిరిన్. ఇంకాసేపు అలాగే ఉంది.

ఆమె లేచి వెళ్లాక పీట ముందు తడిమట్టిలో రెండు చిన్న గుంటలు మిగిలాయి. నానమ్మ వంగి, వాటిని వేళ్లతో కొలిచి చూసుకుంది.